చెప్పినవారితో సంబంధం

గడ్డం కింద చర్మాన్ని ఎడమచేతి బొటనవేలితో పైకి లాగి పట్టుకుని, కత్తిని కిందికి దించాడు. నురగతో పాటు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. కత్తిని మగ్గులో ముంచి, దులిపి, మళ్ళీ మొదలుపెట్టాడు. కుర్చీలో తండ్రి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. రోజు విడిచి రోజు, ఏడు గంటలకి, కిటికీ పక్కన జరిగే పని ఇది.

"దవడ కింద మిగిలింది," అన్నాడు తండ్రి కళ్ళు తెరవకుండా.

"చూశాను నాన్నా."

"చూస్తే తీసెయ్యి మరి. చూసి వదిలేస్తే ఏం లాభం."

తీసేశాడు. తండ్రికి దగ్గు వచ్చింది. కత్తి పక్కకి పెట్టి, దగ్గు ఆగేదాకా వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఈమధ్య దగ్గు ఆగడానికి టైము పడుతోంది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయని, ఆవిరిలో ఏమైనా పనిచేశారా అని డాక్టరు అడిగాడు. చేశాడు. హోటలు వెనక బట్టలుతికే గదిలో తొమ్మిదేళ్ళు.

తండ్రికి ఎనభై రెండు. ఒళ్ళో పెట్టుకున్న చేతుల్లో ఎడమది ముడుచుకుని ఉంటుంది, కుడిది వెల్లకిలా తెరిచి ఉంటుంది. నిద్రలో కూడా అంతే. ఆ డాక్టరే ఒకసారి ఆ చేతిని తిప్పి చూసి, నరాల జబ్బేమోనన్నాడు. జబ్బు కాదని కొడుక్కి తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళు హోటలు తలుపు దగ్గర నిలబడ్డ చెయ్యి అది. ఆ హోటల్లో తలుపు తీసే మనిషి బక్షీసు పుచ్చుకుంటున్నట్టు కనిపించకూడదు. చేతిలో నాణెం పడినా చెయ్యి మూయకూడదు, జేబు వైపు పోకూడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు కుడిచేతి తెల్ల గ్లౌజుకి అరచేతి మధ్య ఒక చీలిక పెట్టించుకునేవారు. నాణెం అందులోంచి లోపలికి జారేది. సలాము కోసం చెయ్యి ఎత్తగానే మణికట్టు దాకా దిగి, అక్కడ బొత్తాం దగ్గర ఆగేది. కాబట్టి ప్రతి నాణేనికీ ఒక సలాము తప్పనిసరి. చొక్కా కాజాలు కుట్టినట్టే ఆ చీలిక అంచుల్ని అమ్మ కుట్టేది. చిన్నప్పుడు అతను ఆ గ్లౌజులో వేలు పెట్టి ఆడుకునేవాడు.

"మామయ్యా, పాలు చల్లారిపోతున్నాయి," అంది భార్య, బ్రెడ్డు ముక్కలు నానబెట్టిన గిన్నె తెచ్చి. "మీ కొడుకు గడ్డం గీస్తున్నారా, గుడి స్తంభం చెక్కుతున్నారా?"

"చెక్కనీలే అమ్మా. వాడు ఆఫీసులో రోజుకి ఒక మాట తేలుస్తాడట. నా గడ్డం ఏ మూల."

అతను నవ్వి, తువ్వాలుతో తండ్రి ముఖం తుడిచి, ఆఫీసుకి బయలుదేరాడు. చొక్కా చేతి అంచున కాస్త నురగ అంటుకుంది. గమనించలేదు.

నిఘంటువు కార్యాలయం ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉంది. పొడుగు గది. మూడు గోడల నిండా చెక్క సొరుగులు. సొరుగుల నిండా చీటీలు, అరచేయంత అట్టముక్కలు. కంప్యూటర్లు వచ్చి చాలా ఏళ్ళయింది కాని, ఏ మాటకైనా సాక్ష్యం మాత్రం ఇప్పటికీ చీటీయే. ఆ చీటీల్ని వెతకడం, సరిచూడడం, వరసలో పెట్టడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అదే కుర్చీ. కుర్చీ సీటు మాత్రం రెండుసార్లు మార్చారు. ఆఫీసులో అతన్ని చీటీ మాస్టారంటారు.

ఆ రోజు బల్ల మీద 'బ' సొరుగు ఉంది. మొదటి సగం అయిపోయింది. పదకొండు దాటాక ఒక చీటీ తీసి, దాన్ని పక్కన పెట్టబోయి, ఆగాడు. రాత తనదే. అప్పట్లో అక్షరాలు నిటారుగా రాసేవాడు.

పదం: బక్షీసు.
వాక్యం: కూలి పనికిస్తారు. బక్షీసు మనిషికిస్తారు.
వృత్తి: హోటలు తలుపు దగ్గర.
చెప్పినవారితో సంబంధం: లేదు.

చెప్పినవారి పేరు దగ్గర పేరు ఉంది. ఇంటిపేరు లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో రాసిన చీటీ అది. కొత్తవాళ్ళంతా తమకు తెలిసిన వృత్తుల నుంచి ఇరవై మాటలు తేవాలని అప్పటి సంపాదకుడు చెప్పాడు. సంబంధం గడి కూడా ఆయన పెట్టిందే. ఇంటివాళ్ళ మాట పనికిరాదని కాదు, ఇంటివాళ్ళదని చదివేవాడికి తెలియాలి, అనేవాడు. అతనితో పాటు చేరిన వడ్రంగి కూతురు చిత్రిక నుంచి బాడిస దాకా ఇరవై మాటలు తెచ్చి, ఇరవై చీటీల మీదా 'తండ్రి' అని రాసింది. అతను మాత్రం ఇంటర్వ్యూలో నాన్న ఏం చేస్తారని అడిగితే "హోటలండీ" అన్నాడు. అడిగినవాళ్ళు సొంత హోటలనుకున్నారు. అనుకోనిచ్చాడు. తరవాత చీటీ రాసేటప్పుడు ఆ గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే.

చీటీని కట్టలో అడుగున పెట్టాడు. కాని పన్నెండింటికి సంపాదకురాలి గదిలో అడుగు నుంచే మొదలుపెట్టారు.

సంపాదకురాలు వచ్చి ఆరేళ్ళయింది. గొంతు పెంచదు, ఏదీ మరిచిపోదు. ఎదురుగా ప్రూఫులు చూసే ఉద్యోగి ఉన్నాడు. అవసరం ఉన్నా లేకపోయినా కామా పెడతాడని ఆయన్ని అందరూ కామా అంటారు. ఆయన కూడా ఫోను ఎత్తితే "కామానండీ" అంటాడు.

"బక్షీసు," అని సంపాదకురాలు ముసాయిదా చదివింది. "పారశీకం నుంచి వచ్చింది. ఇవ్వడానికీ పంచడానికీ మన్నించడానికీ అక్కడ ఒకటే ధాతువు. మన దగ్గర మొదటి అర్థం, కానుక. రెండు, సేవ చేసినవారికి కూలికి మించి ఇచ్చే చిల్లర. మూడు, పనితో నిమిత్తం లేకుండా ఎదుట మనిషి ఉన్నాడని గుర్తించి ఇచ్చేది."

"మన్నించడం కూడానా," అన్నాడు కామా. "ఎవరికి మేడం మన్నింపు? ఇచ్చేవాడికా, పుచ్చుకునేవాడికా?"

"అది పారశీకులని అడగండి. నా గొడవ మూడో అర్థంతో."

"రెండూ మూడూ ఒకటే కదండీ. అదే చెయ్యి, అదే చిల్లర. కలిపేసి మధ్యలో ఒక కామా పెడితే పోయె."

"ఒకటి కాదు. పనికి ఇంత అని అడగొచ్చు. నన్ను మనిషిగా చూడు అని ఎవరూ అడగలేరు." ఆవిడ చీటీ ఎత్తి వెలుతురుకి పట్టింది. "కాకపోతే దీనికి ఉన్నది ఈ ఒక్క చీటీ. ఒక్క చీటీ మీద నిలబడ్డ అర్థానికి చెప్పినవారిని మళ్ళీ అడిగి సంతకం తీసుకోవాలి. లేకపోతే అర్థం తీసేయాలి. ఐదింటికి పేజీలు ప్రెస్సుకి పోతాయి." అతని వైపు చూసింది. "సేకరించింది మీరే కదా మాస్టారూ. ఈయన బతికే ఉన్నారా?"

చెప్పడానికి అదే సమయం. గదిలో ముగ్గురే ఉన్నారు. అడిగింది కూడా మామూలుగానే. అతని చూపు తన చొక్కా చేతి మీద పడింది. పొద్దున అంటుకున్న నురగ అక్కడ తెల్లగా ఎండి ఉంది.

"ఉన్నారేమో మేడం," అన్నాడు.

"ఎక్కడ ఉంటారో తెలుసా?"

"వెతుకుతాను."

"వెతకండి. ఇంత మంచి వాక్యం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు."

బయటికి వచ్చి చొక్కా అంచుని గోటితో గీకాడు. పోలేదు. అరచేతిలో ఉమ్మి రుద్దాడు. మెట్లు దిగాడు. యాభై రెండేళ్ళ మనిషి, తండ్రి బతికున్నాడేమో అని చెప్పి వస్తున్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చీటీ జేబులో ఉంది. ఆ చీటీ రాసిన నాలుగు నెలలకి నిఘంటువు మొదటి సంపుటం అచ్చయింది. ఉద్యోగులందరికీ మధ్యాహ్నం విందు ఇచ్చారు. ఎక్కడన్నది ముందు రోజే చెప్పారు. తండ్రి పనిచేసే హోటలు. ఆ రాత్రి ఇంట్లో చెప్పొచ్చు. రేపు మావాళ్ళు వస్తున్నారు నాన్నా అని ఒక్క ముక్క. చెప్పలేదు. తండ్రికి వెనక గేటు డ్యూటీ పడితే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

పడలేదు. రాగి బొత్తాల కోటు, తెల్ల గ్లౌజులు, ఎడమచేత్తో తలుపు పట్టుకుని తండ్రి నిలబడి ఉన్నాడు. ముందు నడుస్తున్న సంపాదకుడు ఆయన చేతిలో నాణెం వేశాడు. వెనక ఉన్న పెద్దమనిషి వేశాడు. వడ్రంగి కూతురు చేతిసంచీలో వెతికి మరీ వేసింది. తరవాత తను. తండ్రి చూశాడు. చూసి, చిన్నగా పక్కకి జరిగి దారి ఇచ్చాడు, అంతే. వేయకుండా పోతే వెనకవాళ్ళు ఏమనుకుంటారోనని అతనికి అనిపించింది. జేబులోంచి నాణెం తీశాడు. ఆ తెల్ల అరచేతి మధ్య చీలిక కనిపించింది, అమ్మ కుట్టిన కాజా కుట్టు. అందులో వేశాడు. తల ఎత్తలేదు. సలాము చేసిన చెయ్యి నీడ నేల మీద లేచి దిగింది.

"మీ దయ," అన్నాడు తండ్రి, అందరితో అన్నట్టే.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మా నాన్నా తనూ ముగ్గురూ కూర్చుని తిన్నారు. కుళాయి కారుతోందని తండ్రి అన్నాడు. రేపు బాగుచేయిస్తానని అతను అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ సంగతి వాళ్ళ మధ్య మళ్ళీ రాలేదు. ఆ నెలలోనే తండ్రి బట్టలుతికే గదిలో రెండో పనికి కుదిరాడు. ఎందుకు నాన్నా అంటే, బక్షీసులు తగ్గిపోయాయిరా అన్నాడు. కాలం మారిపోయిందనుకుని అతను నమ్మాడు.

ఇంటికి చేరేసరికి ఒకటిన్నర. తండ్రి మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమిట్రా ఈ వేళప్పుడు? తీసేశారా?"

"లేదు నాన్నా. ఆఫీసు పని. నీతోనే."

"నాతో ఆఫీసు పనా?" తండ్రి కోడలి వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా. ఈ వయసులో నాకు ఉద్యోగం వచ్చింది. కళ్ళజోడు ఇలా తే."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు ఎప్పుడో ఒక మాట చెప్పావు. కూలి పనికిస్తారు, బక్షీసు మనిషికిస్తారు అని. దాని సంగతి మళ్ళీ ఒకసారి చెప్పాలి. పుస్తకంలో వేస్తున్నారు."

"నా మాటా?"

"నీ మాటే."

తండ్రి కోడలు తెచ్చిన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అది నా మాట కాదురా. నాకంటే ముందు తలుపు దగ్గర ఉన్న ముసలాయనది. నేను చేరిన రోజున చెప్పాడు. లోపల వడ్డించేవాళ్ళది టిప్పు. బిల్లు వస్తుంది, దాన్ని బట్టి వేస్తారు. మనకి బిల్లు లేదు. తలుపు తోసుకుని ఎవడి దారిన వాడు పోవచ్చు, మనతో పనేముంది? అయినా ఆగి ఇస్తాడే, అది బక్షీసు అన్నాడు." దగ్గు వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాడు. "ఇంకో ముక్క కూడా అన్నాడు. నీ మొహం చూసి వేస్తే బక్షీసు. చూడకుండా వేస్తే ఎంత వేసినా అది వట్టి చిల్లర..."

ఆగిపోయాడు. కుడిచెయ్యి దుప్పటి మీద తెరిచి ఉంది. దాన్ని చూసుకుని, నెమ్మదిగా బోర్లా తిప్పాడు.

"అంతే. ఇంకేం లేదు. రాసుకో," అన్నాడు.

అతను రాసుకున్నాడు. వంచిన తల ఎత్తలేదు. సంతకం కోసం చీటీ, కలం అందించాడు. తండ్రి ముందు చదవకుండా ఏదీ సంతకం చేయడు. కళ్ళజోడు సర్దుకుని పైనుంచి వేలు పెట్టి చదువుతూ వచ్చాడు. వేలు ఒక గడి దగ్గర ఆగింది. వంటింట్లో భార్య కుళాయి కట్టేసింది.

"చుట్టరికం ఉందని రాస్తే చెల్లదు కాబోలు," అన్నాడు తండ్రి చీటీ మీదే చూస్తూ. "కోర్టుల్లో కూడా అంతే. సొంతవాళ్ళ సాక్ష్యం పట్టించుకోరు."

దారి ఆయనే చూపించాడు. దానిలోకి అడుగు పెట్టడమే మిగిలింది.

"అవును నాన్నా," అన్నాడు.

"మంచి పని చేశావు అయితే." తండ్రి కలం పట్టుకుని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు సంతకం చేశాడు. "పుస్తకం వచ్చాక చూపించు."

"చూపిస్తాను."

"బస్సు దొరుకుతుందో లేదో. వెళ్ళు. నేను కాసేపు పడుకుంటా."

అతను దిండు సర్దాడు. దుప్పటి కప్పాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూస్తే తండ్రి కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెయ్యి ఇంకా బోర్లానే ఉంది.

మూడు దాటాక ఆఫీసు చేరాడు. సంపాదకురాలు చీటీ చూసి సంతోషించింది. సంతకం దగ్గర ఆగింది.

"మీ ఇంటిపేరే."

"అవును మేడం," అన్నాడు. "ఆ ఇంటిపేరు చాలామందికి ఉంది."

"లోకం చిన్నది," అన్నాడు కామా తన కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

చీటీ ప్రెస్సుకి పోయే ట్రేలో పడింది. అతను తన కుర్చీలో కూర్చుని తరవాతి మాట చీటీలు ముందు వేసుకున్నాడు. ఒక్కటీ కళ్ళకి ఎక్కలేదు. మంచి పని చేశావు అన్న మాట చెవిలో తిరుగుతోంది. తండ్రి నిజంగానే అలా నమ్మాడా, తనకి మొహం చెల్లేలా అన్నాడా? రెండోదే అని తెలుసు. తెలిసి, మొదటిది అనుకోవడానికి గంట నుంచి తంటాలు పడుతున్నాడు. ట్రేకీ తన కుర్చీకీ మధ్య ఆరడుగులుంటుంది. నాలుగింటికి లేస్తాననుకున్నాడు. నాలుగైంది. టీ వచ్చింది. టీ తాగి లేస్తాననుకున్నాడు.

నాలుగుంబావుకి ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, మామయ్యకి టీ ఇద్దామని లేపాను," అంది. అవతల ఆమె ఊపిరి వినిపించింది. "నిద్రలోనే అండీ. దగ్గు కూడా వినపడలేదు నాకు."

"వస్తున్నా," అన్నాడు.

లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. సంపాదకురాలు గుమ్మంలోకి వచ్చింది. కామా వచ్చి కుర్చీ నిలబెట్టాడు.

"ఏమైంది మాస్టారూ?"

"మా నాన్న పోయారు మేడం."

"అయ్యో. ఇంట్లోనేనా? మీతోనే ఉంటారా?" ఆవిడ దగ్గరికి వచ్చింది. ఇంతకాలం ఒకే గదిలో పనిచేసి ఈ మనిషి గురించి తనకేమీ తెలియదని అప్పుడే తట్టినట్టు, మెల్లగా అడిగింది. "ఏం చేసేవారు నాన్నగారు?"

అతను ట్రే దగ్గరికి నడిచాడు. ఆరడుగులే. చీటీ పైనే ఉంది. నిలబడే, బల్ల మీద వంగి, 'లేదు' అన్న మాటని ఒక్క గీతతో కొట్టేశాడు. పక్కన 'తండ్రి' అని రాసి, దిద్దినవారు సంతకం పెట్టాలన్న నియమం ప్రకారం కింద సంతకం పెట్టాడు. ఆ చీటీని ఆవిడ చేతికి ఇచ్చాడు.

ఆవిడ చదివింది. కామాకి ఇచ్చింది. కామా చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతను మెట్ల దాకా వెనక్కి తిరగకుండా నడిచాడు.

ఇంట్లో పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి ఉన్నారు. డాక్టరు వచ్చి వెళ్ళాడు. తండ్రి తను వదిలి వెళ్ళిన భంగిమలోనే ఉన్నాడు. దవడ కింద పొద్దున గీసిన చోట చర్మం నున్నగా ఉంది. అతను స్టూలు మీద కూర్చున్నాడు.

"మార్చాను నాన్నా," అన్నాడు. వినే సమయానికి చెప్పని మాట తన చెవికే వింతగా వినిపించింది.

చీకటి పడకముందే గుర్తింపు కాగితాలు కావాలన్నారు. భార్య మంచం కింద నుంచి రేకుపెట్టె లాగింది. పైన కాగితాలు, వాటి కింద రాగి బొత్తాల కోటు, కోటు జేబులో గ్లౌజుల జత. కుడిచేతి గ్లౌజు ఆమె తీసి చూసింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తయ్య ఆ చీలిక గురించి చెప్పి నవ్వించింది. అందుకే అరచెయ్యి తిప్పి చూసింది.

"ఇది మూసేసి ఉందేమిటండీ?" అంది. "అత్తయ్య కుట్టు కాదిది. ఆవిడ వేసిన కాజా కుట్టు మీదుగానే ఎవరో కుట్టేశారు. మామయ్యే కుట్టుకున్నట్టున్నారు, పాపం."

అతను అందుకున్నాడు. అంచుల్లో తెల్లదారంతో అమ్మ పోసిన సన్నటి కుట్టు. దాని మీదుగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నల్లదారంతో, సూది పట్టడం రాని చెయ్యి వేసిన పెద్ద పెద్ద కుట్లు, నాణెం దిగే సందు లేకుండా. దారం ఇక్కడా అక్కడా పాతబడి గోధుమరంగుకి తిరిగింది. విందు జరిగిన ఆ నెలలో బక్షీసులు తగ్గిపోయాయిరా అన్న గొంతు, దాని వెనకే బట్టలుతికే గది, ఆవిరి, తొమ్మిదేళ్ళు, ప్రతి రెండో పొద్దున తన చేతి కింద కదిలిన ఆ వీపు, ఆ దగ్గు.

భార్య ఏదో అడిగింది. అతనికి వినపడలేదు. కాగితాలు తీసుకుని ఆమె వెళ్ళింది. అతను లేచి, గ్లౌజుని మంచం అంచున పెట్టాడు. అది వెల్లకిలా పడింది, వేళ్ళు తెరుచుకుని, అరచేతి మధ్య నల్లదారం కుట్లు ఏడు.